తిరుగు వేళ

ఎడారి కొండను ఒక్క పగటిలో ఎక్కి దిగే నడకలో కాళ్ల సత్తువకన్నా ముందుగా పరీక్షకు నిలిచేది, తీసుకున్న నిర్ణయం మీద నిలబడే శక్తి. తెల్లవారుజామున చల్లగాలిలో, నిండు సీసాలతో, అలసట ఎరుగని కాళ్లతో ఉన్నప్పుడు ఒక మనిషి వేసుకున్న లెక్కను, అయిదు గంటల తర్వాత నడినెత్తిన ఎండలో, సీసాలు తేలికపడుతూ, శిఖరం చేతికందేంత దగ్గరగా కనిపిస్తూ ఉన్నప్పుడు అదే మనిషి పాటించగలడా అన్నదే ఆ పరీక్ష. పట్టుదల గురించి వ్యక్తిత్వ వికాస గ్రంథాలు విస్తారంగా రాశాయి. అనుకున్న గడియకు వెనుదిరగడాన్ని ఒక విద్యగా ఎంచి, దానిని అలవరచుకునే పద్ధతిని చెప్పినవి మాత్రం అరుదు. గమ్యం చేరకుండా తిరిగి వచ్చినవారిని ఓడినవారిగా లెక్కగట్టే అలవాటు సమాజంలో బలంగా ఉండడం వల్లనే ఈ లోటు ఏర్పడింది. ఆ అలవాటు ఎంతటి ముప్పు తేగలదో ఎడారి కొండ చూపినంత స్పష్టంగా మరేదీ చూపలేదు కనుక, ఈ అధ్యాయం ఒక నిజమైన కొండను, దాని మీది ఒక నిజమైన బాటను ముందుంచుకుని సాగుతుంది.

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రపు పడమటి కొసన, న్యూ మెక్సికో సరిహద్దును ఆనుకుని, 1972లో ఏర్పడిన గ్వాడలూప్ పర్వతాల జాతీయ వనం ఉంది. అందులోని గ్వాడలూప్ శిఖరం ఎత్తు 8,751 అడుగులు, అంటే 2,667 మీటర్లు. టెక్సస్‌లో అంతకన్నా ఎత్తయిన చోటు లేదు. చుట్టూ ఉన్నది చిహువాహువా ఎడారి. మెక్సికోలో తూర్పు, పడమర దిక్కుల బారులు తీరిన పర్వతశ్రేణులు సముద్రపు తేమను అడ్డుకోవడం వల్ల వాటి మధ్యనున్న నేల వానకు దూరమై ఎడారిగా మారింది. పర్వతాల చాటున వాన కరువయ్యే ఈ స్థితినే భూగోళ శాస్త్రంలో వర్షచ్ఛాయ అంటారు. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ నగరాల్లో పెద్ద సంఖ్యలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది స్వరాష్ట్రపు శిఖరమే అయినా, డాలస్ నుంచి కారులో దాదాపు ఒక పూర్తి పగటి ప్రయాణం. ఆంధ్రప్రదేశ్‌లోని అతి ఎత్తయిన కొండలు కూడా 1,700 మీటర్ల లోపే ఉంటాయని గుర్తుంచుకుంటే, ఈ శిఖరం మీద పీల్చే గాలి ఎంత పలుచనిదో ఊహించవచ్చు: అక్కడి వాయుపీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో నాలుగింట మూడు వంతులకు కాస్త తక్కువ.

కొండ ఎక్కడమనగానే తెలుగువారి మనసులో మెదిలేది తిరుమల నడకదారి. అలిపిరి నుంచి దాదాపు 9 కిలోమీటర్ల పొడవున 3,550 మెట్లు, దారిలో చాలామేరకు నీడ, తాగడానికి నీరు, తినడానికి దుకాణాలు, అలసినవారిని నడిపించే గోవింద నామం అక్కడ ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ నడక పైన ముగుస్తుంది. దర్శనం అయ్యాక బస్సెక్కి దిగిరావచ్చు. పైగా అది మొక్కు, కనుక మధ్యలో ఆగడమన్న తలంపే భక్తునికి రాదు, రానక్కరలేదు కూడా. ఈ పవిత్రమైన అలవాటును తెలియకుండానే ఎడారి కొండకు మోసుకుపోవడంలో చిక్కు ఉంది. గ్వాడలూప్ బాట మీద దుకాణం లేదు, చెట్ల నీడ కొంతమేరకే ఉంది, నీటిచుక్క లేదు, పైనుంచి దింపే వాహనం లేదు. శిఖరం చేరినవారు సగం దూరం నడిచినవారు మాత్రమే. ఈ ఒక్క వాక్యం మనసుకు పట్టినవారికి ఈ అధ్యాయంలోని మిగతా విషయమంతా దానంతటదే బోధపడుతుంది.

బాట స్వరూపాన్ని ముందుగా తెలుసుకోవడం అవసరం. పైన్ స్ప్రింగ్స్ అనే చోటున ఉన్న సందర్శకుల కేంద్రం దగ్గర నడక మొదలవుతుంది. రానుపోను దాదాపు 13.5 కిలోమీటర్లు, ఎక్కవలసిన ఎత్తు సుమారు 3,000 అడుగులు లేదా 914 మీటర్లు, పట్టే సమయం ఆరు నుంచి ఎనిమిది గంటలు. మొదటి మైలున్నర దూరం అన్నిటికన్నా నిటారుగా, పాము మెలికల్లా మలుపులు తిరుగుతూ, తూర్పు ఎండకు ఎదురుగా సాగుతుంది; నాగజెముడు, కత్తుల్లాంటి ఆకుల కిత్తనార జాతి మొక్కలు, సోటోల్ పొదలు బాటకు ఇరువైపులా నిలిచి, తూలి పట్టుకోబోయిన చేతిని గాయపరుస్తాయి. ఆ తర్వాత బాట కొండ భుజం చుట్టి ఉత్తరపు వాలుకు తిరుగుతుంది. సూర్యుడు నేరుగా పడని ఆ వాలులో తేమ నిలుస్తుంది కనుక పైన్, డగ్లస్ ఫర్ వృక్షాలు పెరిగి, కొద్ది అడుగుల తేడాలోనే ఎడారి అడవిగా మారుతుంది. మూడు మైళ్లు దాటాక శిఖరంలా కనిపించే ఒక మిట్ట వస్తుంది. దానిని ఎక్కాక గానీ అసలు శిఖరం ఇంకా దూరంగా ఉందని తెలియదు. అక్కడినుంచి బాట కొంత చదునుగా సాగి, స్వల్పంగా దిగి, ఒక చెక్క వంతెనను దాటి, బోడి రాళ్ల మీదుగా తుది ఎక్కుడుకు చేరుకుంటుంది.

ఈ కొండ అందం దాని పుట్టుకలోనే ఉంది. దాదాపు 26 కోట్ల సంవత్సరాల కిందట, పెర్మియన్ అని పిలిచే భూయుగంలో, ఇక్కడ ఒక వెచ్చని సముద్రం ఉండేది. స్పాంజీలు, నాచుజాతులు, ఇతర సముద్రజీవుల సున్నపు అవశేషాలు పొరమీద పొరగా పేరుకుని నీటిలోపల ఒక పెద్ద గోడలా ఎదిగాయి; ఇలా జీవుల దేహాలతో కట్టుబడిన సముద్రపు గోడను రీఫ్ అంటారు. సముద్రం ఇంకిపోయి, ఆ గోడ ఉప్పు కింద, మట్టి కింద కోట్ల ఏళ్లు సమాధిలో ఉండి, తర్వాత భూమి పైకి ఉబకడంతోను, మెత్తని మట్టి కోసుకుపోవడంతోను తిరిగి వెలుగు చూసింది. కనుక ఈ బాట మీద నడిచేవారి కాలికింద ఉన్నది సముద్రగర్భం. దక్షిణాన ఓడ ముక్కులా పొడుచుకువచ్చిన ఎల్ కాపిటాన్ శిల ఆ పాత నీటి కథకు మిగిలిన గుర్తు. పడమరన మంచు కురిసినట్టు తెల్లగా మెరిసే ఉప్పు మైదానం ఉంది. 1877లో ఆ ఉప్పు మీద హక్కు ఎవరిదన్న తగాదా ఎల్ పాసో ప్రాంతంలో సాయుధ ఘర్షణగా ముదిరి, సాన్ ఎలిజారియో ఉప్పు యుద్ధంగా చరిత్రలో నిలిచింది. అంతకుముందు తరతరాలుగా ఈ కొండలు మెస్కలేరో అపాచీ జాతివారి నివాసం. గుంటల్లో కాల్చి వారు ఆహారంగా తిన్న మెస్కల్ అనే కిత్తనార దుంపను బట్టే వారికి ఆ పేరు వచ్చింది. బండల్లో శిలాజాలు కనిపించినప్పుడు వంగి చూసి, వేలితో తాకి, అక్కడే వదిలి రావాలి. జాతీయ వనంలోనుంచి రాయి తీసుకుపోవడం చట్టం ఒప్పుకోని పని. ఎందుకు ఎక్కుతున్నామో తెలిసి ఎక్కేవారికి దారి పొడవునా ఆగడానికి కారణాలు దొరుకుతాయి, అలా ఆగగలిగిన వారికి శిఖరం ఒక్కటే ఫలం కానక్కరలేదు.

ఇక తిరుగు వేళను నిర్ణయించే పద్ధతి. తిరుగు వేళ అంటే, శిఖరం చేరినా చేరకపోయినా, ఎక్కడ ఉంటే అక్కడినుంచి దిగడం మొదలుపెట్టవలసిన గడియారపు సమయం. దీనికి ఒక పాత లెక్క తోడ్పడుతుంది. విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు 1892లో, ప్రతి మూడు మైళ్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 2,000 అడుగులకు మరొక గంట చొప్పున కలుపుకోవాలని సూచించాడు. మెట్రిక్ కొలతల్లో ఇది దాదాపు 5 కిలోమీటర్లకు ఒక గంట, 600 మీటర్ల ఎత్తుకు ఒక గంట అవుతుంది. గ్వాడలూప్‌కు ఈ లెక్క వేస్తే, ఒకవైపు 6.75 కిలోమీటర్లకు గంటా ఇరవై నిమిషాలు, 914 మీటర్ల ఎత్తుకు గంటన్నర, మొత్తం రెండు గంటల యాభై నిమిషాలు వస్తాయి. అయితే ఇది ఆగకుండా నడవగల దృఢకాయుల లెక్క. వారమంతా కుర్చీలో కూర్చుని పనిచేసి, సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తునే ఉన్న హ్యూస్టన్ నుంచి ముందురోజే వచ్చినవారు దానికి సగం కలుపుకుంటే, ఎక్కడానికి నాలుగు గంటలకు పైన పడుతుంది. దిగడానికి మరో మూడు గంటలు. ఉదయం ఏడుకు బయలుదేరినవారికి మధ్యాహ్నం పన్నెండు తిరుగు వేళ కావడం సమంజసం. చలికాలంలో ఎండ వేడిమి భయం తగ్గినా ఈ హద్దును సడలించరాదు, ఎందుకంటే డిసెంబరులో అక్కడ సాయంత్రం అయిదు ప్రాంతంలోనే సూర్యుడు అస్తమిస్తాడు. టెక్సస్‌లో చాలా భాగం ఒక కాలమండలంలో ఉంటే, ఈ పర్వత ప్రాంతం ఒక గంట వెనకనున్న మౌంటెన్ కాలమండలంలో ఉందన్న సంగతి కూడా చాలామంది మరచిపోతారు. జట్టులో ఒకరి చేతి గడియారం, మరొకరి ఫోను వేర్వేరు సమయాలు చూపుతుంటే తిరుగు వేళకు అర్థం లేకుండా పోతుంది.

ఈ గడియను ఇంటి దగ్గరో, బాట మొదట్లోనో ఎందుకు నిర్ణయించుకోవాలి, పరిస్థితిని బట్టి పైన తేల్చుకోకూడదా అన్న ప్రశ్న సహజం. కూడదు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు, వేడికి గుండె వేగం పెరిగినప్పుడు, పలుచని గాలిలో ఊపిరి అందనప్పుడు ముందుగా మందగించేవాటిలో వివేచన ఒకటి. పాడైన తక్కెడతోనే ఆ తక్కెడ పాడైందో లేదో తూచలేము. దీనికి తోడు మరో మానసిక లక్షణం పనిచేస్తుంది. అర్థశాస్త్రంలో మునిగిన ఖర్చు అని ఒక మాట ఉంది. తిరిగి రాని డబ్బును, శ్రమను లెక్కలోకి తీసుకుని, ఇంత పెట్టాము కనుక ఇంకొంత పెడదామనుకునే పొరపాటును అది సూచిస్తుంది. ఎనిమిది గంటలు కారు నడిపి, సెలవు పెట్టి, మూడు మైళ్లు ఎక్కి, శిఖరమనుకున్న మిట్ట మీదికి చేరి, అసలు శిఖరం ఇంకా మైలు దూరంలో ఉందని తెలిసిన క్షణంలో ఈ పొరపాటు పూర్తి బలంతో మీద పడుతుంది. అక్కడ నిలబడి తీసుకునే నిర్ణయాన్ని అప్పటికే చేసిన శ్రమ శాసిస్తుంది, ఉదయం కాగితం మీద రాసుకున్న గడియకు ఆ శ్రమతో సంబంధం ఉండదు. పట్టుదలకు, మొండితనానికి తేడా కూడా ఇక్కడే తేలుతుంది: పట్టుదల గలవారు మరో నెలలో మళ్లీ వస్తారు, మొండివారు ఆ రోజే తేల్చుకోవాలనుకుంటారు.

నీటి విషయంలో ఈ విద్య మరింత కచ్చితంగా ఉండాలి. మనిషికి రోజుకు ఒక గ్యాలను, అంటే దాదాపు 3.8 లీటర్లు, తీసుకువెళ్లాలని వనం అధికారుల సూచన. అది దాదాపు నాలుగు కిలోల బరువు కనుక చాలామంది సగం కారులో వదిలేస్తారు. ఎక్కుడులో గంటకు అర లీటరు నుంచి లీటరు వరకు చెమటగా పోవచ్చునని తెలిస్తే ఆ సాహసం చేయరు. విజయవాడ, కాకినాడ వంటి చోట్ల పెరిగి హ్యూస్టన్‌లో స్థిరపడినవారు ఇక్కడ ఒక ప్రత్యేకమైన పొరపాటు చేస్తారు. తేమ నిండిన గాలిలో చెమట కారుతుంది, చొక్కా తడుస్తుంది, దాహం వేస్తుంది. ఎడారి గాలిలో చెమట పుట్టిన వెంటనే ఆవిరైపోతుంది కనుక చర్మం పొడిగా, హాయిగా ఉన్నట్టు తోస్తుంది. చెమటే పట్టడం లేదనుకుంటూ ఉండగానే లీటర్ల కొద్దీ నీరు శరీరాన్ని విడిచిపోతుంది. చొక్కా వీపు మీద తెల్లగా మిగిలిన ఉప్పు చారలే దానికి సాక్ష్యం. అందుచేత దాహంతో నిమిత్తం లేకుండా, కొద్దికొద్దిగా, క్రమం తప్పకుండా తాగాలి. తెచ్చుకున్న నీటిలో సగం అయిపోయిన క్షణం, గడియారం ఎంత చూపినా, తిరుగు వేళ వచ్చినట్టే లెక్క. దిగేటప్పుడు శ్రమ తగ్గినా ఎండ పెరుగుతుంది కనుక మిగిలిన సగం ఎక్కువేమీ కాదు.

నీరొక్కటే చాలదు. చెమటతో పాటు ఉప్పు కూడా పోతుంది. ఉప్పు లేకుండా ఉత్త నీరే గంటల తరబడి అతిగా తాగితే రక్తంలో సోడియం పలుచబడి తలనొప్పి, వికారం, తికమక కలుగుతాయి. ఇవి నీరు తగ్గినప్పటి లక్షణాల్లాగే ఉండడం వల్ల బాధితులు మరింత నీరు తాగి పరిస్థితిని విషమింపజేసుకుంటారు. పులిహోర, కారప్పూస, చెక్కలు, ఉప్పు పల్లీలు, పల్లీపట్టీలు ఈ నడకకు ఎంతో అనువైన ఆహారం, ఓఆర్ఎస్ పొట్లాలు రెండు వెంట ఉంటే మరింత నిశ్చింత. ఎవరైనా మాట తడబడుతూ, అడుగు తూలుతూ, ఒళ్లు కాలిపోతూ ఉంటే అది వడదెబ్బ, అంటే శరీరం తన వేడిని తాను అదుపు చేసుకోలేని ప్రాణాపాయ స్థితి. వెంటనే నీడకు చేర్చి, ఒంటిని తడిపి, విసరుతూ, సహాయం కోసం కబురు పంపాలి. ఫోను సంకేతం కొండ మీద అన్నిచోట్లా అందదు.

ఋతువు విషయంలో క్లుప్తంగా చెప్పవచ్చు. వేసవి చివర మధ్యాహ్నాలు ఉరుములతో కూడిన వానలు వస్తాయి, బోడి శిఖరం మీద పిడుగుకు మనిషే ఎత్తయిన వస్తువు. చలికాలంలో, వసంతంలో వీచే గాలులు గంటకు 100 కిలోమీటర్లు దాటి, నిలబడినవారిని తోసేయగలవు. ఆ గాలిలో చెమటకు తడిసిన నూలు బట్టలు ఒంటికి అంటుకుని చలి పుట్టిస్తాయి. అక్టోబరు చివరి వారాలు అనుకూలమైన కాలం. బయలుదేరే ముందు సందర్శకుల కేంద్రంలో ఆనాటి గాలి సూచన అడిగి తెలుసుకోవడం సిగ్గుపడవలసిన పని కాదు.

జట్టుగా వెళ్లినప్పుడు తిరుగు వేళ అందరిదీ. ముందు నడిచేవారు మలుపు దగ్గర ఆగి, వెనకవారు చేరగానే మళ్లీ బయలుదేరడం దాదాపు ప్రతి జట్టులోనూ కనిపించే అలవాటు. దానివల్ల విశ్రాంతి అవసరం లేనివారికి విశ్రాంతి, అవసరమైనవారికి ఎడతెగని నడక మిగులుతాయి. నెమ్మదిగా నడిచేవారే ముందుండాలి, వారి వేగమే జట్టు వేగం కావాలి. స్వదేశం నుంచి పిల్లల దగ్గరకు వచ్చిన తల్లిదండ్రులు వెంట ఉన్నప్పుడు ఈ సంగతి మరింత సున్నితమైనది. పిల్లలు సెలవు పెట్టి తీసుకువచ్చారన్న మొహమాటంతో, తమ వల్ల ప్రయాణం చెడకూడదన్న ప్రేమతో, పెద్దలు అలసటను బయటపెట్టరు. "బాగానే ఉందా నాన్నా?" అని అడిగితే "నాకేంరా, మీరు పదండి" అన్న జవాబే వస్తుంది. "నాన్నా, సీసాలో ఎంత మిగిలింది, ఏదీ చూపించండి" అని అడగాలి; నిండుగా ఉన్న సీసా, నోరు దాచిన సంగతిని చెప్పేస్తుంది. రక్తపోటుకు వాడే మాత్రల్లో కొన్ని మూత్రం ద్వారా నీటిని ఎక్కువగా పోగొడతాయి కనుక వైద్యుని సలహా ముందే తీసుకోవాలి. ఉత్తరపు వాలులోని పైన్ నీడ వరకు వెళ్లి, అక్కడ పులిహోర తిని తిరిగి రావడాన్ని మొదటినుంచే పూర్తి ప్రణాళికగా పెట్టుకున్న కుటుంబం, శిఖరం చూడకపోయినా ఎడారి అడవిగా మారే వింతను కళ్లారా చూసి వస్తుంది. అటువంటి ప్రణాళిక ఈ అధ్యాయం దృష్టిలో శిఖరారోహణకన్నా తక్కువది కాదు.

సమయం, నీరు, వాతావరణం మూడూ అనుకూలించి పైకి చేరినవారికి ఉక్కుతో చేసిన ఒక మూడు ముఖాల స్తూపం ఎదురవుతుంది. ఈ కొండ పాదం మీదుగా సాగిన బటర్‌ఫీల్డ్ తపాలా బండ్ల దారికి నూరేళ్లు నిండిన సందర్భంగా 1958లో ఒక విమాన సంస్థ దానిని నిలిపింది. దాని పక్కన పేర్లు రాసే పుస్తకం ఉంటుంది. పేరు రాసి, ఫొటో తీసుకుని, తృప్తిగా కూర్చోవాలనిపించే ఆ చోటు నుంచే నడకలోని కష్టతరమైన సగం మొదలవుతుందన్నది అప్పుడు గుర్తుకు రావాలి. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే బరువును ఆపవలసి ఉంటుంది. ఎక్కేటప్పటి కుదింపుకన్నా ఈ సాగుదల కండరాన్ని ఎక్కువగా దెబ్బతీస్తుంది, మరునాటి నొప్పులకు కారణమూ ఇదే. అలసిన మోకాలు, వదులు రాళ్లు, ఇక అయిపోయిందన్న ధీమా ఒకచోట చేరినప్పుడు కాలు జారుతుంది. నడక కర్రలు రెండు ఉంటే మోకాళ్ల మీది భారం తగ్గుతుంది; కాలిగోళ్లు ముందురోజే కత్తిరించుకుంటే బూటు ముక్కుకు తగిలి నలగవు; అడుగులు చిన్నవి కావాలి, మాటలు తగ్గాలి.

దగ్గరి పెట్రోలు బంకు అరవై కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది కనుక ట్యాంకు నింపుకుని రావాలి, కారులో మనిషికి మరో లీటరు నీరు విడిగా దాచాలి. బయలుదేరే ముందురాత్రి, ఏ బాట, ఎంతమంది, ఎన్ని గంటలకు తిరుగు వేళ, ఎన్ని గంటలకల్లా కారు దగ్గర ఉంటారు అన్న నాలుగు సంగతులను ఒక కాగితం మీద రాసి, ఇంటి దగ్గర ఉండే ఒకరికి ఇవ్వాలి. దిగివచ్చాక ఫోను సంకేతం అందిన మొదటి చోట కారు ఆపి, ఆ ఒక్కరికి ముందుగా కబురు చెప్పాలి. శిఖరం మీది ఫొటోలు ఆ తర్వాత పంపుకోవచ్చు.